మాంసకృత్తులకు అక్షరమాల కూర్చిన ఆచార్యురాలు మార్గరెట్ డేహాఫ్

2021 మే నెల మీలో చాలామందికి జ్ఞాపకం ఉండే ఉంటుంది. కోవిడ్ రెండవ తరంగం ఊళ్ళను అతలాకుతలం చేస్తున్న ఆ రోజులలో తెలుగు పత్రికలలోను, టెలివిజన్ ఛానళ్ళలోను 'ఎన్440కె' అనే మాట మారుమోగింది. దానిని కర్నూలుతో ముడిపెట్టి 'ఏపీ స్ట్రెయిన్' అన్నారు. ఇతర రకాలకంటె పదిహేను రెట్లు తీవ్రమైనదని ప్రచారం చేశారు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల నుంచి వచ్చేవారికి ఢిల్లీలో పధ్నాలుగు రోజుల క్వారంటైన్ విధించారు. జనం మరింత బెంబేలెత్తారు. అప్పుడు హైదరాబాదులోని సీసీఎంబీ శాస్త్రవేత్తలు ఆ రకం అప్పటికే తగ్గుముఖం పట్టిందనీ, దాని స్థానాన్ని వేరే రకాలు ఆక్రమించుకుంటున్నాయనీ ప్రకటించారు.

వారు ఆ మాట అంత ధైర్యంగా ఎట్లా చెప్పగలిగారు? రోగుల నుంచి సేకరించిన వైరసుల జన్యుక్రమాలను చదివి, ఒకచోట చేర్చి, ఒకదానితో ఒకటి పోల్చి చూశారు గనుక. ఏ రకం పెరుగుతున్నదో, ఏది తరుగుతున్నదో ఆ పోలికలోనే తేలింది.

ఇంతకూ 'ఎన్440కె' అంటే ఏమిటి? కోవిడ్ వైరసు పైభాగాన ముళ్ళవలె కనిపించే మాంసకృత్తిలో 440వ స్థానంలో 'ఎన్' ఉండవలసిన చోట 'కె' చేరిందని దాని అర్థం. 'ఎన్' అనేది ఆస్పరజీన్ అనే ఆమినో ఆమ్లానికి గుర్తు. 'కె' లైసీన్ అనే ఆమినో ఆమ్లానికి గుర్తు. అంతకు మించి ఆ పేరులో భయపడవలసిన రహస్యమేమీ లేదు.

ఈ ఒంటి అక్షరాల భాషను తీర్చిదిద్ది లోకంలో నిలబెట్టినవారు మార్గరెట్ ఓక్లీ డేహాఫ్. మాంసకృత్తుల వరుసలను సేకరించి, కంప్యూటర్ల సాయంతో పోల్చి, వాటి నుంచి జీవపరిణామాన్నీ వ్యాధి కారణాలనూ వెదకవచ్చునని మొట్టమొదట చూపినవారిలో ఆమె అగ్రగణ్యురాలు. నేడు విశ్వవిద్యాలయాలలో 'బయోఇన్ఫర్మేటిక్స్' అనే పేరుతో బోధిస్తున్న శాస్త్రానికి ఆ పేరు స్థిరపడకముందే ఆమె ఆచార్యత్వం వహించారు. ఆమె విద్యాజీవితాన్ని మీకు పరిచయం చేయడమే ఈ వ్యాసం ఉద్దేశం.

గణితం నుంచి రసాయనానికి

మార్గరెట్ 1925 మార్చి 11న అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరంలో జన్మించారు. పదేళ్ళ వయసులో తల్లిదండ్రులతో న్యూయార్క్ నగరం చేరారు. 1942లో ఉన్నత పాఠశాల విద్యను ప్రథమ స్థానంలో ముగించి, న్యూయార్క్ విశ్వవిద్యాలయంలో గణితం చదివి 1945లో పట్టభద్రులయ్యారు. ఆ తరువాత కొలంబియా విశ్వవిద్యాలయంలో జార్జ్ కింబల్ అనే ఆచార్యుని వద్ద క్వాంటమ్ రసాయనశాస్త్రంలో పరిశోధన చేసి 1948లో డాక్టరేటు పొందారు.

ఆ పరిశోధనలోనే ఆమె తరువాతి జీవితానికి బీజం పడింది. ఆమె ఎన్నుకున్న సమస్య, పెక్కు వలయాలు గల కర్బన అణువులలో ఇమిడి ఉండే శక్తిని లెక్కించడం. కాగితం, కలంతో చేస్తే ఆ లెక్కలు ఏళ్ళ తరబడి సాగుతాయి. ఆ కాలంలో వ్యాపార సంస్థలు జీతాల పట్టీలకూ, సరుకుల లెక్కలకూ రంధ్రాలు పొడిచిన అట్టముక్కలతో పనిచేసే ఐబీఎం యంత్రాలను వాడేవి. మార్గరెట్ ఆ యంత్రాలను రసాయనశాస్త్రపు లెక్కలకు మళ్ళించారు. దుకాణం పద్దులు చూసే యంత్రం అణువుల పద్దులు కూడా చూడగలదని గ్రహించడం ఆనాటికి సామాన్యమైన ఊహ కాదు.

అదే 1948లో భౌతికశాస్త్రజ్ఞుడైన ఎడ్వర్డ్ డేహాఫ్‌ను వివాహమాడారు. మూడేళ్ళపాటు రాక్‌ఫెల్లర్ సంస్థలో పరిశోధన చేసిన పిమ్మట, భర్త ఉద్యోగరీత్యా మేరీలాండ్ రాష్ట్రానికి తరలివెళ్ళారు. రూత్, జూడిత్ అనే ఇద్దరు కుమార్తెల పెంపకంలో కొన్నేళ్ళు గడిచాయి. 1957 నుంచి రెండేళ్ళు మేరీలాండ్ విశ్వవిద్యాలయంలో పరిశోధకురాలిగా పనిచేశారు. 1960లో రాబర్ట్ లెడ్లీ నెలకొల్పిన జాతీయ జీవవైద్య పరిశోధనా సంస్థలో సహాయ సంచాలకురాలిగా చేరి, జీవితాంతం అక్కడే కొనసాగారు.

లెడ్లీ గురించి ఒక మాట చెప్పాలి. ఆయన దంతవైద్యం చదివి, ఆపై భౌతికశాస్త్రం అభ్యసించారు. రోగనిర్ణయంలో వైద్యుని ఆలోచన ఏ తర్కాన్ని అనుసరిస్తుందో, అందులో కంప్యూటరు ఎంతవరకు తోడ్పడగలదో వివరిస్తూ లీ లస్టెడ్ అనే వైద్యునితో కలసి 1959లోనే ప్రసిద్ధమైన వ్యాసం వ్రాశారు. శరీరమంతటినీ చిత్రించగల సీటీ స్కానరును 1970వ దశకంలో రూపొందించినవారు కూడా ఆయనే. అటువంటి వ్యక్తి పక్కన గణితం, రసాయనం, యంత్రగణనం మూడూ తెలిసిన డేహాఫ్ చేరడం జీవశాస్త్రానికి మేలు చేసింది.

మాంసకృత్తుల వరుసలు

ఇక్కడ కొంచెం శాస్త్రం చెప్పుకోవాలి. మన శరీరంలో పనులు చాలావరకు మాంసకృత్తులు, అనగా ప్రోటీన్లు, చేస్తాయి. రక్తంలో ప్రాణవాయువును మోసే హీమోగ్లోబిన్, చక్కెరను అదుపు చేసే ఇన్సులిన్, ఆహారాన్ని జీర్ణం చేసే ఎంజైములు, సూక్ష్మజీవులను ఎదుర్కొనే ప్రతిరక్షకాలు, ఇవన్నీ మాంసకృత్తులే. ప్రతి మాంసకృత్తీ ఆమినో ఆమ్లాలనే పూసలు గుచ్చిన దండ వంటిది. పూసలు ముఖ్యంగా ఇరవై రకాలు. వాటిని ఏ వరుసలో గుచ్చారన్న దానినిబట్టి ఆ దండ ఎట్లా ముడుచుకుంటుందో, ఏ పని చేస్తుందో నిర్ణయమవుతుంది.

ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో ఫ్రెడరిక్ సాంగర్ 1950వ దశకం తొలి సగంలో ఇన్సులిన్ వరుసను పూర్తిగా చదివి చూపారు. అందులో రెండు పేటలు, మొత్తం 51 ఆమినో ఆమ్లాలు ఉన్నాయి. ఆ కృషికి ఆయన 1958లో నోబెల్ బహుమతి అందుకున్నారు. 1957 నాటికి వెర్నన్ ఇంగ్రమ్ మరొక విశేషాన్ని వెల్లడించారు. కొడవలి కణ వ్యాధి ఉన్నవారి హీమోగ్లోబిన్‌లో, బీటా పేటలోని 146 ఆమినో ఆమ్లాలలో ఆరవది మాత్రమే మారింది. గ్లుటమిక్ ఆమ్లం ఉండవలసిన చోట వాలీన్ ఉన్నది. ఆ ఒక్క మార్పుకే ఎర్రకణం కొడవలి ఆకారంలోకి వంగిపోయి, సన్నని రక్తనాళాలలో చిక్కుకొని, రోగిని జీవితకాలం బాధిస్తుంది.

పై రెండు విషయాలనూ కలిపి ఆలోచిస్తే వైద్యునికి ఒక సంగతి స్పష్టమవుతుంది. వరుస తెలిస్తే వ్యాధి మూలం తెలియవచ్చు. కాని వరుసను చదవడం ఎట్లా?

ఆనాటి పద్ధతి ఇది. మాంసకృత్తి దండను ఎంజైములతో చిన్న చిన్న ముక్కలు చేస్తారు. ఒక్కొక్క ముక్కలోని పూసల వరుసను రసాయనికంగా చదువుతారు. కాని ఏ ముక్క తరువాత ఏ ముక్క ఉన్నదో తెలియదు. అందుచేత అదే మాంసకృత్తిని మరొక ఎంజైముతో వేరే చోట్ల తెంపి, ఆ ముక్కలనూ చదివి, రెండు రకాల ముక్కలనూ సరిచూస్తారు.

ఒక ఉదాహరణ చెబుతాను. 'రాజమహేంద్రవరం' అన్న మాటను కాగితం మీద వ్రాసి చింపితే 'రాజ', 'మహేం', 'ద్రవరం' అనే ముక్కలు వచ్చాయనుకోండి. ఆ ఊరి పేరు ఎరుగనివాడు వీటిని ఏ వరుసలో పేర్చాలో చెప్పలేడు. మరొక ప్రతిని వేరేచోట చింపితే 'రాజమ', 'హేంద్ర', 'వరం' వచ్చాయి. ఇప్పుడు 'రాజ' తరువాత 'మ' ఉన్నదని 'రాజమ' అన్న ముక్క సాక్ష్యం చెబుతుంది. 'హేం' తరువాత 'ద్ర' వస్తుందని 'హేంద్ర' సాక్ష్యం చెబుతుంది. మూడు ముక్కలైతే మనిషి తేలికగా పేర్చగలడు. వందలాది ఆమినో ఆమ్లాలు, పదులకొద్దీ ముక్కలు, మధ్యమధ్య చదవడంలో సందేహాలు ఉన్నప్పుడు నెలల తరబడి కుస్తీ పట్టవలసి వచ్చేది.

డేహాఫ్, లెడ్లీ కలసి ఈ పనిని కంప్యూటరుకు అప్పగించారు. ఐబీఎం 7090 యంత్రం కోసం 'కామ్‌ప్రోటీన్' అనే ప్రోగ్రామును వ్రాసి 1962లో ప్రకటించారు. ముక్కల జాబితా ఇస్తే, అవి ఏయే విధాలుగా అతకగలవో ఆ యంత్రం నిమిషాలలో తేల్చగలిగింది. నేడు జన్యుక్రమాలను చదివేటప్పుడు కూడా ముక్కలను చదివి, అతివ్యాప్తులను బట్టి కూర్చే పద్ధతి వాడుకలో ఉన్నది. ఆ ఆలోచన ఆనాటిదే.

అట్లాస్

చదివిన వరుసలు అప్పటికి ప్రపంచంలోని నానా పత్రికలలో చెల్లాచెదురుగా ఉండేవి. ఒకరు పందిని గురించి వ్రాస్తే మరొకరు గుర్రాన్ని గురించి, ఇంకొకరు ఈస్టును గురించి. డేహాఫ్ తన సహచరులతో కలసి వాటన్నింటినీ వెదకి, తప్పులు సరిచూసి, ఒకే తీరులో అమర్చి, 1965లో 'అట్లాస్ ఆఫ్ ప్రోటీన్ సీక్వెన్స్ అండ్ స్ట్రక్చర్' అనే గ్రంథంగా ప్రచురించారు. అందులో ఆనాటికి తెలిసిన సుమారు 65 మాంసకృత్తుల వరుసలు ఉన్నాయి. తరువాతి సంపుటాలు 1978 దాకా వెలువడుతూ, లావెక్కుతూ వచ్చాయి.

వరుసలన్నీ ఒకచోట చేరగానే, విడివిడిగా ఉన్నప్పుడు కనబడని విషయాలు కనబడసాగాయి. 1966లో రిచర్డ్ ఎక్, డేహాఫ్ కలసి ఫెరిడాక్సిన్ అనే చిన్న మాంసకృత్తిని పరిశీలించి, దాని వరుసలో ఒక సగం మరొక సగాన్ని పోలి ఉన్నదని చూపారు. ఆదికాలంలో ఒక పొట్టి దండ రెట్టింపై ఈ దండ ఏర్పడినదని వారి నిర్ణయం. అంటే కోట్ల సంవత్సరాలనాటి చరిత్ర జీవుల శరీరాలలోనే వ్రాసి ఉన్నది. వరుసల తేడాలను లెక్కించి, ఏ జీవి ఏ జీవికి దగ్గర చుట్టమో చూపే వంశవృక్షాలను కంప్యూటరుతో గీసిన తొలి ప్రయత్నాలలో వారిదీ ఒకటి.

మధుమేహ రోగులకు ఈ పోలికల విలువ తెలియకుండానే తెలుసు. మానవ ఇన్సులిన్‌కూ పంది ఇన్సులిన్‌కూ మధ్య ఒక్క ఆమినో ఆమ్లం తేడా. ఆవు ఇన్సులిన్‌తో మూడు తేడాలు. అంత దగ్గరి పోలిక ఉండడం వలననే దశాబ్దాలపాటు జంతువుల ఇన్సులిన్ మనుషుల ప్రాణాలు నిలిపింది. నేను ప్రభుత్వ వైద్యశాలలలో పనిచేసిన తొలి సంవత్సరాలలో మేము రోగులకు ఇచ్చినది అదే.

ఇరవై అక్షరాలు

నేను వైద్యవిద్యార్థిగా ఉన్నప్పుడు ఆమినో ఆమ్లాల పేర్లను మూడేసి అక్షరాల పొడి పేర్లతో కంఠస్థం చేసేవాళ్ళం. నోట్సు వ్రాసుకొనే విద్యార్థికి అవి చాలు. కాని అట్టముక్కల మీద రంధ్రాలు పొడిచి యంత్రానికి అందించేవారికి ఒక్కొక్క అక్షరమూ భారమే. ఇరవై ఆమినో ఆమ్లాలు ఉన్నాయి. ఆంగ్లంలో ఇరవై ఆరు అక్షరాలు ఉన్నాయి. ఒక్కొక్కదానికి ఒక్కొక్క అక్షరం ఇస్తే సరిపోతుంది గదా!

ఇవ్వడంలో చిక్కు ఉన్నది. హిస్టిడీన్‌కు 'హెచ్', వాలీన్‌కు 'వి', సిస్టీన్‌కు 'సి' తేలికగా కుదిరాయి. కాని 'ఎ'తో మొదలయ్యేవి నాలుగు ఉన్నాయి. వాటిలో అలనీన్‌కు 'ఎ' దక్కింది. మిగిలినవాటికి ఉచ్చారణను బట్టి గుర్తులు ఏర్పరచారు. ఆర్జినీన్‌లో వినబడే 'ఆర్', ఆస్పరజీన్‌లో గట్టిగా పలికే 'ఎన్', ఫినైల్‌అలనీన్‌కు 'ఎఫ్' అట్లా వచ్చినవే. రెండు వలయాలు గల పెద్ద అణువైన ట్రిప్టోఫాన్‌కు వెడల్పాటి 'డబ్ల్యు' ఇచ్చారు. లైసీన్‌కు 'ఎల్' దొరకలేదు, అది ల్యూసీన్‌కు పోయింది. అందుకని పక్కనే ఉన్న 'కె'ను ఇచ్చారు. కర్నూలు పేరు చెడగొట్టిన 'ఎన్440కె'లోని 'ఎన్', 'కె' రెండూ ఈ విధంగా పుట్టాయి. 1968లో అంతర్జాతీయ రసాయన, జీవరసాయన సంఘాలు ఈ ఒంటి అక్షరాల పద్ధతిని సిఫార్సు చేశాయి.

ఈ అక్షరాలు నేడు రోగుల చేతిలోని నివేదికలలోకి కూడా వచ్చాయి. ఊపిరితిత్తుల కేన్సరు ఉన్నవారి నివేదికలో 'ఎల్858ఆర్' అని కనబడవచ్చు. ఈజీఎఫ్ఆర్ అనే మాంసకృత్తిలో 858వ స్థానంలో ల్యూసీన్‌కు బదులు ఆర్జినీన్ వచ్చిందని దాని భావం. అది ఉన్నవారికి ప్రత్యేకంగా పనిచేసే మాత్రలు ఉన్నాయి. క్రానిక్ మైలాయిడ్ లుకేమియా రోగులలో 'టి315ఐ' అన్న మార్పు వస్తే ఇమాటినిబ్ మందు పనిచేయదు, వేరే మందు వెదకాలి. ఇటువంటి గుర్తులు చూసి భయపడకండి. మొదటి అక్షరం ఉండవలసినది, మధ్యనున్న అంకె స్థానం, చివరి అక్షరం వచ్చి చేరినది. అది మీ చికిత్సను ఏ విధంగా మారుస్తుందో మీ వైద్యుని అడగండి.

ఏ మార్పు సహజం, ఏది అరుదు?

రెండు వరుసలను పోల్చేటప్పుడు తేడాలను లెక్కపెట్టడం ఒక్కటే చాలదు. ల్యూసీన్, ఐసోల్యూసీన్ ఇంచుమించు కవలల వంటివి. ఒకదాని స్థానంలో మరొకటి వస్తే మాంసకృత్తి పనికి పెద్దగా భంగం కలుగకపోవచ్చు. ట్రిప్టోఫాన్ పోయి గ్లైసీన్ వస్తే ఆ దండ ఆకారమే మారిపోవచ్చు. అటువంటి మార్పు ప్రకృతిలో నిలిచేది తక్కువ.

ఈ సామాన్యమైన జ్ఞానానికి డేహాఫ్, ఆమె సహచరులు లెక్క కట్టారు. దగ్గరి పోలికగల 71 మాంసకృత్తుల సమూహాలలో 1,572 మార్పులను పరిశీలించి, ఏ ఆమినో ఆమ్లం ఏ ఆమినో ఆమ్లంగా ఎంత తరచుగా మారుతున్నదో ఇరవై అడ్డువరుసలు, ఇరవై నిలువువరుసల పట్టికగా 1978లో ప్రకటించారు. దానికి 'పామ్' పట్టిక అని పేరు. ఈ పట్టిక చేతిలో ఉంటే రెండు వరుసల మధ్య పోలిక యాదృచ్ఛికమా, లేక చుట్టరికం వలన వచ్చినదా అన్నది అంచనా వేయవచ్చు. తరువాత మరికొన్ని పట్టికలు వచ్చాయి గాని, దారి వేసినది ఇదే.

కేన్సరుతో ముడి

ఈ పోలికల వలన వైద్యానికి కలిగిన లాభానికి 1982 నాటి ఒక ఫలితం చక్కని తార్కాణం. కోళ్ళలో కేన్సరు కలిగించే రౌస్ వైరసు గురించి 1911 నుంచే తెలుసు. అందులోని 'సార్క్' అనే జన్యువు కేన్సరుకు కారణమని తేలింది. ఆ జన్యువు తయారుచేసే మాంసకృత్తి వరుసను వినోనా బార్కర్, డేహాఫ్ తమ సేకరణలోని వరుసలతో పోల్చి చూశారు. క్షీరదాల కణాలలో సహజంగా ఉండే ఒక ఎంజైముతో అది చుట్టరికం కలిగి ఉన్నది. ఆ ఎంజైము ఇతర మాంసకృత్తులకు ఫాస్ఫేటును తగిలించి కణపు పనులను నియంత్రిస్తుంది. అటువంటివాటిని కైనేజులు అంటారు.

అంటే, కేన్సరు కలిగించే మాంసకృత్తి పరాయిది కాదు. మన కణాలలోని ఎంజైముల కుటుంబానికి చెందినదే, అదుపు తప్పింది. మరుసటి సంవత్సరం రస్సెల్ డూలిటిల్ బృందం, మైకేల్ వాటర్‌ఫీల్డ్ బృందం వేర్వేరుగా, కోతులలో కేన్సరు కలిగించే మరొక వైరసు జన్యువు మన రక్తఫలకికల నుంచి విడుదలయ్యే వృద్ధికారకాన్ని పోలి ఉన్నదని వరుసల పోలిక ద్వారానే కనుగొన్నాయి. కైనేజులను అడ్డగించే ఇమాటినిబ్ 2001లో అమెరికాలో అనుమతి పొందింది. మజ్జ మార్పిడి తప్ప మార్గాంతరం లేదనుకున్న లుకేమియా రోగులు రోజుకొక మాత్రతో ఏళ్ళ తరబడి జీవిస్తున్నారు. ఆ మందును డేహాఫ్ కనిపెట్టలేదు. ఆమె కట్టిన పద్దు పుస్తకం లేకపోతే ఆ కుటుంబ సంబంధాలు అంత త్వరగా బయటపడేవి కావు.

సేకరణకు దక్కని గౌరవం

ఆమె జార్జ్‌టౌన్ విశ్వవిద్యాలయపు వైద్యకేంద్రంలో శరీరధర్మ, జీవభౌతిక శాస్త్రాల ఆచార్యురాలిగా పదమూడేళ్ళు పనిచేశారు. బయోఫిజికల్ సొసైటీలో పదవి నిర్వహించిన తొలి మహిళ ఆమె. మొదట కార్యదర్శిగాను, పిదప అధ్యక్షురాలిగాను సేవలందించారు. ఇన్ని గౌరవాలు ఉన్నా ఆమె దారి సుగమంగా సాగలేదు.

పిల్లల పెంపకం కోసం పరిశోధనకు కొంతకాలం ఎడంగా ఉన్నారు. 1962లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలు ఆమె కోరిన నిధులను నిరాకరిస్తూ, వేగంగా సాగిపోతున్న రంగానికి ఆమె దూరమైనారని కారణం చూపాయి. ఆ రంగానికి కంప్యూటరును చేర్చిన ప్రోగ్రాము వెలువడినది అదే సంవత్సరం!

రెండవ అవరోధం మరింత లోతైనది. ప్రయోగశాలలో ఒక మాంసకృత్తి వరుసను తేల్చినవారు దానిని తమ ఆవిష్కారంగా భావించేవారు. అది న్యాయమే. ఇతరుల ఆవిష్కారాలను సేకరించి పుస్తకం వేసేవారిని మాత్రం గుమాస్తాలుగా చూసేవారు. ఇంకా ప్రచురించని వరుసలను పంపమని ఆమె కోరితే చాలామంది వెనుకాడేవారు. పద్దులు వ్రాసేవారి పట్ల ఈ చులకన భావం మన దేశంలోనూ ఉన్నది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలలో టీకాల వివరాలు, జననమరణాలు, కాన్పుల వివరాలు రిజిస్టర్లలో నింపే ఆరోగ్య కార్యకర్తల శ్రమను వట్టి రాతపనిగా తీసిపారేసిన అధికారులను నా ఉద్యోగకాలంలో చూశాను. ఒక ఊరిలో తట్టు ఎప్పుడు మొదలైందో, ఎందరు బాలింతలు ఎందువల్ల మరణించారో చెప్పగలిగినవి ఆ రిజిస్టర్లే.

మూడవది డబ్బు. సేకరణను నిలబెట్టడానికి స్థిరమైన ప్రభుత్వ సహాయం లేకపోవడంతో, అట్లాసును అమ్మి కొంత ఖర్చు రాబట్టుకోవలసి వచ్చింది. కంప్యూటరు ప్రతులు తీసుకున్నవారు వాటిని మరొకరికి పంచరాదన్న నిబంధన ఉండేది. మా వరుసలు మేము ఇచ్చి, తిరిగి మేమే కొనాలా అని శాస్త్రజ్ఞులు గొణిగారు. 1980లో డేహాఫ్ బృందం డీఎన్‌ఏ వరుసల నిధిని టెలిఫోను తీగల ద్వారా ఇతర కంప్యూటర్లకు అందుబాటులోకి తెచ్చింది. అయినా 1982లో అమెరికా ప్రభుత్వం జాతీయ డీఎన్‌ఏ నిధిని నెలకొల్పినప్పుడు, ఆ బాధ్యత లాస్ అలమోస్ ప్రయోగశాల భాగస్వామిగా ఉన్న పోటీ బృందానికి దక్కింది. వరుసలను అందరికీ ఆంక్షలు లేకుండా పంచుతామన్న వారి హామీ అందులో ప్రధాన పాత్ర వహించింది. అదే నేటి జెన్‌బ్యాంక్.

ఈ వివాదంలో నాకు రెండు పక్షాలలోనూ న్యాయం కనబడుతుంది. ప్రజల సొమ్ముతో పుట్టిన జ్ఞానం ప్రజలందరికీ అందాలి. అందులో సందేహం లేదు. కాని ఉచితంగా పంచాలంటే, సేకరించి సరిచూసేవారి జీతం ఎవరో ఒకరు ఇవ్వాలి. ఇరవై ఏళ్ళపాటు ఆ బాధ్యతను ఎవరూ పూర్తిగా తలకెత్తుకోలేదు. ఆమె సంస్థ విధించిన ఆంక్షలకు మూలం అక్కడ ఉన్నది.

ఆమె వెనుక మిగిలినది

మాంసకృత్తుల నిధికి శాశ్వతమైన సహాయం కోరుతూ ఆమె మరొక ప్రతిపాదన సిద్ధం చేసి పంపారు. కొద్ది రోజులకే, 1983 ఫిబ్రవరి 5న, గుండెపోటుతో మరణించారు. అప్పటికి ఆమె వయసు 57. సహచరులు ఆ పనిని విడిచిపెట్టలేదు. 1984లో 'ప్రోటీన్ ఇన్ఫర్మేషన్ రిసోర్స్' అనే నిధి ఏర్పడింది. బయోఫిజికల్ సొసైటీ ఆమె పేరిట మహిళా శాస్త్రజ్ఞులకు పురస్కారం నెలకొల్పింది. కుమార్తెలలో రూత్ వైద్యురాలై, వైద్యంలో కంప్యూటర్ల వినియోగంపై కృషి చేశారు.

ఈ సందర్భంలో వైద్యునిగా ఒక మాట. గుండెపోటు మగవారి జబ్బు అన్న అపోహ మన ఇళ్ళలో ఇంకా ఉన్నది. ఋతుస్రావాలు ఆగిన తరువాత స్త్రీలలో దాని ముప్పు పెరుగుతుంది. ఛాతీ నొప్పి వారిలోనూ సాధారణ లక్షణమే. కాని కొందరిలో ఆయాసం, అకారణమైన అలసట, దవడలోనో వీపులోనో నొప్పి, వికారం, చెమటలు ముందుగా కనబడవచ్చు. వాటిని గ్యాస్ అని సరిపెట్టుకొని ఇంట్లో కూర్చోకండి. వెంటనే వైద్యశాలకు వెళ్ళి ఈసీజీ తీయించుకోండి. రక్తపుపోటు, చక్కెర, కొలెస్టరాల్ పరీక్షలు ఇంటి యజమానికి మాత్రమే కాదు, ఇల్లాలికీ చేయించాలి.

2002లో డేహాఫ్ వారసత్వపు నిధి, స్విట్జర్లండు, ఐరోపా సంస్థల నిధులు ఏకమై 'యూనిప్రాట్' అయింది. 65 వరుసలతో మొదలైన సేకరణ నేడు కోట్ల సంఖ్యకు చేరింది. వరుసను బట్టి మాంసకృత్తి ఆకారాన్ని ఊహించే కృత్రిమ మేధకు 2024లో రసాయనశాస్త్రపు నోబెల్ బహుమతిలో భాగం లభించింది. ఆ యంత్రం పాఠాలు నేర్చుకున్నది ఇటువంటి ఉమ్మడి నిధుల నుంచే.

ఆ నిధి ఇప్పుడు అందరికీ ఉచితం. మీ చేతిలోని ఫోనులో యూనిప్రాట్ తెరచి, 'పి68871' అన్న సంఖ్యను ఆంగ్లాక్షరాలలో ఇచ్చి చూడండి. మానవ హీమోగ్లోబిన్ బీటా పేట వరుస కనబడుతుంది. 'ఎం, వి, హెచ్, ఎల్, టి, పి, ఈ' అంటూ సాగుతుంది. మొదటి 'ఎం' పేట తయారయ్యాక ఊడిపోతుంది గనుక దానిని విడిచి లెక్కపెట్టండి. ఆరవ స్థానంలో 'ఈ' ఉంటుంది. అది గ్లుటమిక్ ఆమ్లం. మన ఏజెన్సీ ప్రాంతాల గిరిజన కుటుంబాలలో కొడవలి కణ వ్యాధితో పుట్టే బిడ్డలకు అక్కడ 'వి' ఉంటుంది. తల్లిదండ్రులిద్దరికీ ఆ మార్పు ఒక్కొక్క పాలు ఉంటే, ప్రతి కాన్పులోనూ బిడ్డకు ఆ వ్యాధి వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. పెళ్ళికి ముందే ఒక చిన్న రక్తపరీక్షతో ఆ సంగతి తెలుసుకోవచ్చు. ఆ ప్రాంతాలవారు మీకు తెలిసి ఉంటే, ఈ పరీక్ష సంగతి వారికి చెప్పండి.